టమాటా గడియ

రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. పంచాంగంలో ఈ లెక్క తాతల నాటి నుంచీ ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, వంటింటి టమాటా ఆకారపు టైమర్‌కు కీ ఇచ్చి చదవడం మొదలుపెట్టాడు. చివరికి 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అని తేల్చాడు. ఇటాలియన్‌లో టమాటాను పొమొడోరో అంటారు, పద్ధతికీ అదే పేరు. ఒక్క నిమిషం కలిసేసరికి గడియకు గౌరవం వచ్చింది!

ఇక్కడ అమలు తీరే వేరు. ముందు యాప్ ఎంచుకోవాలి. రేటింగులు, నాలుగు వీడియోలు, అక్కడికి ఒక పూట చెల్లు. తర్వాత పనుల పట్టికకు రంగులు. ఎరుపు అత్యవసరానికా, ముఖ్యమైనదానికా అన్నది తేలేసరికి భోజనాల వేళ. గంట మోగించేది ఫోనే, పని చెడగొట్టేదీ ఫోనే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు. 5 నిమిషాల విరామంలో తెరిచిన రీల్స్ ఏ గడియకు మూతపడతాయో సిద్ధాంతులు సైతం చెప్పలేరు. గంటన్నర రాహుకాలం, గంటన్నర యమగండం ఎలాగూ మినహాయింపే.

అసలు పని మాత్రం రేపటి పట్టికలో, మొదటి వరుసలో, ఎర్రరంగులో భద్రంగా ఉంది.