‘డ’కు చోటిచ్చిన కీబోర్డు ఆత్మకథ

తన కథ తాను చెప్పుకోవాల్సి వస్తే ఈ కీబోర్డు ముందుగా తన కొలతలు చెబుతుంది. అడ్డంగా 12 మీటలు, అలాంటి వరుసలు 4. మొత్తం 48. అంకెలకు వేరే వరుస లేదు. పొద్దస్తమానం తెలుగు టైపు చేసే ఒక అనువాదకురాలు హైదరాబాదులో తన చేతులతో దీన్ని కట్టుకున్నారు. మణికట్టు ఎత్తి పెట్టాల్సిన పని లేకుండా పల్చగా ఉండాలన్నదే ఆమె కోరిక.

పల్చదనం స్విచ్‌తో మొదలవుతుంది. మామూలు మెకానికల్ కీబోర్డుల్లో ఉండే చెర్రీ ఎంఎక్స్ తరహా మీట 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఈ కీబోర్డు ఒంట్లో ఉన్నవి చైనా కంపెనీ కైల్ తయారుచేసే ‘చాక్’ స్విచ్‌లు. ఇవి దిగేది 3 మిల్లీమీటర్లే. అందులో సగం దూరానికే అక్షరం పడిపోతుంది. మీటల ఎడం కూడా తగ్గుతుంది: ఎంఎక్స్‌లో అది 19.05 మిల్లీమీటర్లు, చాక్‌లో అడ్డంగా 18, నిలువుగా 17. ఆ లెక్కన ఒక్క వరుసలోనే సెంటీమీటరుకు పైగా కలిసొచ్చింది.

డయోడ్లు, సన్నటి వైరు కోఠి గుజరాతీ గల్లీ నుంచి వచ్చాయి. లేజర్‌తో కోయించిన ఉక్కు రేకులో స్విచ్‌లు ఒక్కొక్కటీ టక్కుమని కూర్చున్నాయి. రేకును బోర్లించాక అసలు పని మొదలైంది.

48 మీటలకు 48 తీగలు లాగితే ఈ కీబోర్డు సన్నగా ఉండేది కాదు. అందుకే అడ్డం, నిలువు గళ్లుగా కలిపారు. 4 అడ్డాలు, 12 నిలువులు: 16 తీగలతో సరిపోయింది. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. చతురస్రం మూడు మూలల్లోని మీటలు ఒకేసారి నొక్కితే, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. కరెంటు వెనక్కి పారకుండా ప్రతి స్విచ్‌కీ ఒక 1ఎన్4148 డయోడ్ కావాలి.

ఆ డయోడ్ బియ్యపు గింజంత ఉంటుంది. నారింజ రంగు గాజు ఒంటికి ఒక చివర నల్ల పట్టీ. ఆమె ఒక కాలును స్విచ్ పిన్నుకు చుట్టి, పట్టీ వైపు కాలును పక్క డయోడ్ మీదికి వంచి, టంకం చుక్క పెట్టారు. అలా డయోడ్ల కాళ్లే ఒకదానికొకటి అతుక్కుని అడ్డు తీగ అయ్యాయి. నిలువు తీగలకు మాత్రం స్విచ్ తగిలే చోటే తొడుగు ఒలిచారు. ఒక్క డయోడ్ తిరగబడినా ఆ మీట మూగబోతుంది. అందుకే వరుస పూర్తయిన ప్రతిసారీ మల్టీమీటరు పెట్టి చూశారు.

మెదడుగా రాస్‌బెర్రీ పై పికో బోర్డు వచ్చింది. 51 మిల్లీమీటర్ల పొడవు, 21 వెడల్పు. దాన్ని స్విచ్‌ల కింద పెడితే ఎత్తు పెరుగుతుంది కాబట్టి పై అంచున పక్కగా బిగించారు. అందులో ఎక్కించిన క్యూఎంకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కో అడ్డు వరుసనూ తట్టి, ఏ నిలువు పలికిందో చూస్తుంది. నొక్కగానే లోపలి లోహపు రేకులు క్షణకాలం అదురుతాయి. ఆ అదురు రెండు మూడు అక్షరాలుగా పడకుండా సాఫ్ట్‌వేర్ 5 మిల్లీసెకన్లు ఆగుతుంది.

ఇక ఈ కీబోర్డు గర్వంగా చెప్పుకునే సంగతి. 48 మీటల కీబోర్డుల్లో పేరున్న ‘ప్లాంక్’లో పీ పక్కన బ్యాక్‌స్పేస్ ఉంటుంది. మామూలుగా అక్కడుండే బ్రాకెట్ మీట పై వరుసలో కనబడదు, మరో మీట పట్టుకుంటే గానీ పలకదు. ఇంగ్లీషుకు దాంతో ఇబ్బంది లేదు. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల మీటల అమరికలో మాత్రం ఆ బ్రాకెట్ మీదే ‘డ’ ఉంది. వాడు, నేడు, కూడా, ఎక్కడ: ‘డ’ లేకుండా తెలుగులో నాలుగు వాక్యాలు రాయడం కష్టం. అందుకని ఆమె పీ పక్క చోటు ‘డ’కే ఇచ్చి, బ్యాక్‌స్పేస్‌ను బొటనవేలి కిందికి దించారు. ‘చ’, ‘ట’ మధ్య వరుస కుడి చివర తమ చోట్లలోనే ఉన్నాయి. అంకెలు మాత్రం మరో మీట పట్టుకుంటే వస్తాయి.

స్విచ్ పాడైతే టంకం కరిగించి మార్చుకోవచ్చు. మీటల అమరిక నచ్చకపోతే ఫైలు దిద్ది మళ్లీ ఎక్కించవచ్చు. తెలుగులో రాసేవాళ్లెవరైనా ఇలాంటిది కట్టుకోదలిస్తే, స్విచ్‌లు కొనడానికి ముందే కాగితం మీద గళ్లు గీసి, అక్షరాలన్నిటికీ చోటు దక్కిందో లేదో చూసుకోండి.