ఇంటి నంబరు చెల్లదట!

ఆ మధ్య అమలాపురంలో ఓ నెట్ సెంటర్లో కూర్చుని నేనో ఘోరం చేశాను. కార్డు కోసం నింపే ఫారంలో మా ఇంటి నంబరు ఉన్నదున్నట్టు రాశాను: 3-45/1. వెంటనే ఎర్రక్షరాలు, ‘చెల్లని ఎంట్రీ’. డ్యాషు కూడదట, ‘బై’ అసలే కూడదట. ఈ రెండూ లేని ఇంటి నంబరు మన రాష్ట్రంలో ఎక్కడుందో ఆ ఫారం రాసిన మహానుభావుడికే తెలియాలి. జిల్లా ఎంచుకుందామంటే జాబితాలో తూర్పు గోదావరే ఉంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ విడి జిల్లా అయిన కబురు దానికింకా అందలేదు. రేవు దాటి రావాలి కాబోలు!

దీన్ని డిఫెన్సివ్ ప్రోగ్రామింగ్ అంటారట. వాడేవాడు తప్పు చేస్తాడని ముందే ఊహించి, ఆ తప్పుకు ప్రోగ్రాం కూలిపోకుండా కాపు కాయడం. మంచి విద్యే. మనవాళ్లు అందులో సగమే చదివారు, ఎవర్నీ నమ్మొద్దన్న సగం. దొంగ రాకుండా తలుపేయమంటే చుట్టాలొచ్చినా తియ్యరు. లోపల ఏం తగలబడినా గుట్టుగా మింగేసి, ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అంటారు. ఎవరి పొరపాటో చెప్పరు. మనం అరగంట కూర్చుని నింపిందంతా మాత్రం చెరిపేస్తారు.

పెద్దింటివాళ్లూ తక్కువ తినలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కి ‘జ్ఞా’ గండం వచ్చింది. జ కింద ఞ వత్తు, దీర్ఘానికి ముందు కంటికి కనబడని చిన్న గుర్తు. ఇంతే. ఇది మెసేజీలో వస్తే వాట్సాప్, జీమెయిల్ పడిపోయేవి. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే చతికిలపడేది. లక్ష రూపాయల ఫోను, జ్ఞానంలో మొదటి అక్షరం దగ్గరే బోర్లా పడింది! లోకం మాత్రం ఏమంది? ఫోనుకు చదవడం రాలేదనలేదు, తెలుగక్షరం ఫోన్లను చంపుతోందంది. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 పేరుతో మరమ్మతు చేసింది. పాపం, అపకీర్తి అక్షరానికే మిగిలింది.

ముందే ఊహించి కాపు కాసే విద్య మా గోదావరి లంకలవాళ్లకు కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది. 1986 ఆగస్టులో గోదావరి 35 లక్షలు దాటి, గట్లు తెంచుకుని ఊళ్ల మీద పడింది. అప్పుడు ఏ ఇంజినీరూ ఏటిగట్టు మీద నిలబడి ‘చెల్లని ఎంట్రీ’ అనలేదు. ఆ వరద మట్టాన్నే కొలతగా పెట్టుకుని గట్లు ఎత్తు చేసే పని చేపట్టారు. ఎన్నేళ్లు పట్టిందని అడక్కండి, అది వేరే కథ.

నా కథలో నెట్ సెంటర్ కుర్రాడే గట్టు తెంపాడు. “గీతలన్నీ లేపేద్దామండి బాబాయ్ గారూ, అదేం చూడదండి” అన్నాడు. 3451 అని కొట్టాడు. ఎర్రక్షరాలు మాయం, పచ్చటి టిక్కు ప్రత్యక్షం. ఉన్న ఇల్లు చెల్లలేదు, లేని ఇల్లు చెల్లింది.

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. లేని ఇంటికి, పాత జిల్లాలో. పోస్ట్‌మ్యాన్ సైకిల్ దిగకుండానే చేతిలో పెట్టాడు.

“ఇది మాదేనని ఎలా తెలిసిందయ్యా?”

“మన వీధిలో మూడువేల ఇళ్లెక్కడున్నాయండి బాబూ! మధ్యలో గీతలెట్టి చూశానండి.”