సైడ్ గేరు

ఆ ఏడు ముంగారు వాన ముందుగానే పడింది. కళ్యాణదుర్గం దగ్గర మా ఎర్రనేలల్లో పదును ఎక్కువ రోజులు ఆగదు. వేరుశెనగ విత్తనం వెయ్యాలని ఊరంతా గొర్రులు బిగించుకుంటున్న వారంలో మావాడు టెక్సాస్ నుంచి సెలవు మీద వచ్చాడు.

చిన్ననాటి స్నేహితుడు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు జక్కూరు ఏరోడ్రోము దగ్గర నిలబడి మైక్రోలైట్లు ఎగరడం చూసి మనసు పారేసుకున్నాడు. అక్కడ తీరని ముచ్చట అమెరికాలో తీర్చుకున్నాడు. లైసెన్సు తీసుకుని సెస్నా 172 మీద వందల గంటలు ఎగిరాడు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌వీ-3 బేరం చేశాడు. వాన్స్ కంపెనీ కిట్టు తెచ్చుకుని ఎవరో షెడ్డులో సొంతంగా కట్టుకున్న బుల్లి విమానం. తిరిగి వెళ్లిన వారంలోనే దాన్ని తనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకుంటానని ఫోటో చూపించాడు.

“మరి ట్రాన్సిషన్ ట్రైనింగ్?” అన్నాను. ఒక విమానానికి అలవాటుపడిన చేతిని ఇంకో విమానానికి మళ్లించే శిక్షణ అది. అదే కంపెనీ రెండు సీట్ల ఆర్‌వీ-4లో, తెలిసిన గురువుతో కొన్ని గంటలు ఎగిరి రమ్మన్నాను.

“చట్టం అడగదు. తోకచక్రం విమానాలకు కావలసిన సంతకం కూడా చేయించుకున్నా.”

చట్టం అడగని మాట నిజమే. కానీ సెస్నా రెక్కల పొడవు 36 అడుగులు, దీనిది 20 అడుగులకు మించదు. సెస్నాలో చెయ్యి బిగించి తిప్పాల్సినచోట ఇందులో రెండు వేళ్లు చాలు. పైగా ఇంట్లో కట్టిన విమానాలు ఏ రెండూ అచ్చం ఒక్కలా ఉండవు. నాకు గుబులు పుట్టేది అక్కడే.

గాయకుడు జాన్ డెన్వర్ సంగతి చెప్పాను. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఆయన కొన్నది కూడా ఇంకొకరు కట్టిన లాంగ్-ఈజీ విమానమే. డిజైనర్ బర్ట్ రుటాన్ ఇంధనం మార్చే వాల్వును పైలట్ కాళ్ల మధ్య పెట్టాడు, కట్టినవాడు దాన్ని ఎడమ భుజం వెనక్కి మార్చాడు. దాన్ని అందుకోవాలంటే ఒళ్లంతా వెనక్కి తిప్పాలి, ఆ తిప్పడంలో కుడికాలు రడ్డర్‌ను తొక్కేస్తుంది. డెన్వర్‌కు 2,700 గంటల అనుభవం ఉంది. ఈ విమానం మీద మాత్రం ముందురోజు కాసేపు చూపించారు, అంతే.

“నాది లాంగ్-ఈజీ కాదు గదా” అన్నాడు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో వెలువరించిన అధ్యయనం సంగతీ చెప్పాను. 2011లో ప్రమాదానికి గురైన సొంత తయారీ విమానాల్లో సగానికి పైగా ఇలా ఒకరి దగ్గర ఇంకొకరు కొన్నవే. విన్నాడు, తలాడించాడు, మాట మార్చాడు.

అదే వారం వాళ్ల నాయనకు కొత్త ట్రాక్టరు కొనిచ్చాడు. మామ ఇరవై ఏళ్లుగా పాత ట్రాక్టరు తోలిన మనిషి. తాళంచెవి చేతికి రాగానే చేను దారి పట్టబోతుంటే మావాడు ఎదురుపోయి నిలబడ్డాడు. “పాతదానికి గేరు కాళ్ల మధ్య ఉండె, దీనికి సైడ్ గేరు నాయనా. హైడ్రాలిక్ లివర్లూ వేరే. గట్టు మీద అలవాటుకొద్దీ చెయ్యి ఒకచోటికి పోతే బండి నీ మీద పడుతుంది. షోరూమ్ పిల్లోణ్ని పిలిపిస్తా. వాడు చూపించేదాకా ఎక్కొద్దు.”

మామ కొడుకు మాట కాదనలేదు. పిల్లవాడు వచ్చి రెండు రోజులుండి దగ్గరుండి తోలించాడు. మొదటిరోజు మామ చెయ్యి పదేపదే మోకాళ్ల మధ్యకే పోయి గాల్లో వెతుక్కోవడం నేనూ చూశాను. “ఆడ గాదు తాతా, పక్కన” అని పిల్లవాడు అరవడం, మామ చెయ్యి పక్కకు జరపడం. రెండోరోజు సాయంత్రానికి చెయ్యి చూపుతో పనిలేకుండా గేరు మీదికి పోయింది.

రాత్రి అన్నాలప్పుడు మామ రాగిసంగటి ముద్ద తుంచుతూ అడిగాడు. “నువ్వు చెప్పింది మంచిదాయె. చేతికి పాత బుద్ధి పోనే పోదు. ఏమప్పా, నీ విమానం అమ్మేటాయన ఎన్ని దినాలుండి నేర్పిస్తాడంట?”

మావాడు నవ్వాడు. “విమానంలో అట్లా కుదరదు నాయనా. దాంట్లో ఒక్కటే సీటు.”

“ట్రాక్టరుకూ ఒక్కటే సీటు గదప్పా” అన్నాడు మామ. “ఆ పిల్లోడు రెండు దినాలూ సాలెంబడి నడిచె.”