కొండమీది కొత్తల్లుడు

సంక్రాంతికి అత్తారింటికి వచ్చిన కొత్తల్లుణ్ణి చూడాలంటే గోదావరి జిల్లాలకే వెళ్లనక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో నేపాల్‌లోని ఖుంబూ లోయకు వెళ్లినా దొరుకుతాడు. లుక్లాలో విమానం దిగి, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారి పట్టి, చీకటి పడేవేళకు ఏదో ఒక షెర్పా ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చుంటాడు. రెండు రజాయిలిస్తే మూడోది ఏదంటాడు. నీళ్లు కాచి ఇస్తే చల్లగా ఉన్నాయంటాడు. అచ్చం అల్లుడే. కాకపోతే ఇక్కడి అత్తగారు తెల్లారగానే బిల్లు చేతిలో పెడుతుంది.

ఈ అల్లుళ్లలో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు. మనకు బాగా తెలిసినవాడు మనవాడే కనుక ఆయన సంగతే చెప్పుకుందాం. గచ్చిబౌలిలో ఉద్యోగం, నలభైకి అటూ ఇటూ వయసు. కేబీఆర్ పార్కు చుట్టూ మూడు నెలలు నడిచారు. అనంతగిరి కొండ రెండుసార్లు ఎక్కారు. ఒంటిమీద ఉన్నవన్నీ కొత్తవే. బూట్లు మరీ కొత్తవి కావడంతో రెండోనాటి నుంచీ కుంటుతున్నారు. సంచీలో ఆవకాయ డబ్బా, కందిపొడి పొట్లం, వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా డబ్బాలు పన్నెండు. సంచీ మోసేది పోర్టరు గనక దాని బరువెంతో ఆయనకు తెలీదు.

బోర్డు మీద లాడ్జి అని ఉంది కాబట్టి అల్లుడుగారు లోపలికి రాగానే రిసెప్షన్ ఎక్కడని అడుగుతారు. రిసెప్షన్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. అందరూ దీదీ అని పిలిచే ఆవిడే యజమానురాలు, ఆవిడే వంటమనిషి, ఆవిడే గుమస్తా. కోడలు ఆర్డర్లు రాసుకుంటుంది. ముసలాయన పొయ్యి చూసుకుంటాడు. అరవై ఏళ్ల కిందట ఇక్కడ ఈ ఏర్పాటు లేదు. 1964లో జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ సైనికాధికారి ఖాట్మండులో ట్రెకింగ్ కంపెనీ పెట్టినప్పుడు గుడారాలు, వంటసామాను, వంటవాడు అన్నీ యాత్రికుల వెంట నడిచేవి. లుక్లాలో రన్‌వే పడ్డదీ ఆ ఏడే. తర్వాత్తర్వాత, ఆలుగడ్డలు పండించుకుంటూ జడల బర్రెలు మేపుకుంటూ బతికే ఇళ్లవాళ్లు దారిన పోయేవాళ్లకు ఒక మూల చోటిచ్చారు. మూల గదైంది, గది పది గదులైంది. గదుల మధ్య అడ్డం మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ ప్లైవుడ్డే. అల్లుడుగారు తలుపేసుకుని రహస్యంగా తినే ఉప్మాలో ఇంగువ వేశారో లేదో వరసగా ఆరు గదులకూ తెలిసిపోతుంది.

రహస్యం దేనికంటే, అక్కడొక కట్టుబాటుంది. పడుకున్న చోటే తినాలి. గది అద్దె నామమాత్రం; ఒక పూట భోజనం ఖరీదు దాన్ని మించిపోతుంది. ఇంటివాళ్లకు మిగిలేదంతా వంటింట్లోనే. ఇక్కడ పడుకుని ఇంకోచోట తింటానంటే అద్దె అమాంతం ఎన్నో రెట్లవుతుంది. అల్లుడుగారికి ఇదంతా పెద్ద కుట్రలా కనిపిస్తుంది. మెనూ తెరిచి ప్రతి ధరనూ 1.6తో భాగించడం మొదలుపెడతారు. మన వంద రూపాయలకు అక్కడ 160. 1993 నుంచి ఈ లెక్క కదల్లేదు. 4,410 మీటర్ల ఎత్తున్న డింగ్‌బోచేలో ఆయన బుర్ర కూడా కదలదు.

"నామ్చేలో ఇవే నూడుల్స్ ఇంతకంటే చవగ్గా తిన్నాను దీదీ" అంటారు, సుల్తాన్ బజార్లో చీరల కొట్టు ముందు నిలబడ్డ గొంతుతో.

దీదీ నవ్వి ఊరుకుంటుంది. నామ్చే 3,440 మీటర్లు. అక్కణ్ణుంచి ఆ నూడుల్స్ ఎవరి వీపు మీదో ఎక్కి వచ్చాయి. లుక్లా నుంచి పైకి మోటారు రోడ్డు లేదు. గ్యాస్ బండ, గుడ్ల అట్ట, బీరు డబ్బా, ఈయనగారు అడిగిన మూడో రజాయి, ఎక్కువగా మనిషో జోప్‌క్యోనో మోసుకు రావాలి. (జోప్‌క్యో అంటే జడల బర్రెనూ ఆవునూ కలిపి పుట్టించిన సంకరజాతి పశువు. అది బేరమాడదు.) మాంసమూ అలాగే వస్తుంది. ఖుంబూలో పశువును కోయరు కనుక, కింద ఎక్కడో కోసింది రోజుల తరబడి గంపలో నడిచి వస్తుంది. గైడు వద్దంటాడు. అల్లుడుగారు చికెనే తెమ్మంటారు. మర్నాటి కథ మనకొద్దు.

సాయంత్రం హాలు మధ్యలోని ఇనప పొయ్యి వెలిగిస్తారు. వంటిల్లు మినహాయిస్తే ఇల్లు మొత్తంలో వెచ్చగా ఉండేది ఆ ఒక్కచోటే. 1976లో ఈ ప్రాంతం సాగర్‌మాథా జాతీయ ఉద్యానం అయ్యాక చెట్లు కొట్టడానికి కట్టడి వచ్చింది. డింగ్‌బోచే ఎత్తులో అసలు కొట్టడానికి చెట్లూ లేవు. జడల బర్రె పేడను చేత్తో చరిచి, రాతిగోడల మీద ఎండబెట్టిన పిడకలే ఆధారం. రామాయణంలో పిడకల వేటని మనం వెక్కిరిస్తాం గానీ, అక్కడ పిడకల వేట లేకపోతే రామాయణమే లేదు. ముసలాయన తట్టెడు పిడకలు తెచ్చి, ఒక్కొక్కటే విరిచి లోపల వేస్తుంటాడు. పొయ్యికి ఆనుకున్న కుర్చీ అల్లుడుగారిది. గొట్టం పక్కన ఆరుతున్న మేజోళ్లూ ఆయనవే.

టీ వస్తుంది. "మరగలేదు" అంటారు. మరిగింది. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. అక్కణ్ణుంచి ఎన్ని పిడకలు తగలేసినా వేడెక్కవు. అన్నం కుక్కర్లో వండేది అందుకే. ఈ ముక్క చెప్పినా అల్లుడుగారు వినరు, అప్పటికే ఉపన్యాసంలో ఉంటారు. మా మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఈ దారిన వెళ్లి ఎవరెస్ట్ ఎక్కిందని అందరికీ చెబుతారు. పదమూడేళ్లన్నది నిజం, 2014 మే 25న ఎక్కిందన్నదీ నిజం. దారి మాత్రం ఇది కాదు. ఆ అమ్మాయి ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆపైన ముసలాయన వైపు తిరిగి, ఎత్తుల్లో ఊపిరి ఎలా పీల్చాలో నేర్పిస్తారు. ముసలాయన తల వెనక గోడకు, తెల్లటి ఖదా కండువా కప్పిన ఫ్రేములో, ఎవరెస్ట్ ఎక్కినందుకు ఆయన పేరిట ఇచ్చిన పత్రం వేలాడుతుంటుంది. అల్లుడుగారి కళ్లజోడు గదిలో ఉండిపోయింది.

ఎనిమిదిన్నరకు తక్కినవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఈయన లేవరు. గోడవారగా నలుగురు పోర్టర్లు ఆయన ముఖమే చూస్తూ కూర్చుంటారు. తన కబుర్లంటే వాళ్లు చెవి కోసుకుంటారని అల్లుడుగారి నమ్మకం. వాళ్లు పడుకోవాల్సింది ఆ హాల్లోని బల్లల మీదే. ఈయన కదిలితే గానీ పక్క వేసుకోవడానికి లేదు.

ఇంతటి మనిషీ మెత్తబడేది ఒక్క దాల్ భాత్ ముందే. మెనూలో పిజ్జా ఉంటుంది, ఆపిల్ పై ఉంటుంది, చాక్లెట్ బిళ్లను పిండిలో చుట్టి నూనెలో వేయించిన వింత కూడా ఉంటుంది. వాటికి మారు వడ్డన లేదు. దాల్ భాత్‌కు ఉంది. కంచం నిండా అన్నం, గిన్నెలో పప్పు, ఆలుగడ్డ కూర, కాస్త ఆకుకూర, ఒక మూల పచ్చడి. సగం తినేలోపే దీదీ అన్నం గిన్నె పట్టుకుని వెనక నిలబడుతుంది. చాలంటే ఒక గరిటె, చాలు చాలంటే రెండు. అల్లుడుగారు చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించడం కూడా ఆవిడకు వచ్చు. అప్పుడాయన మనసు కరిగి, ఆవకాయ డబ్బా మూత తీసి ఒక ముక్క ఆవిడ అరచేతిలో పెట్టారు. దీదీ చప్పరించి, కనుబొమలెగరేసి, వంటింట్లోకి వెళ్లి చిన్న గిన్నె పట్టుకొచ్చింది. పన్నెండు రోజులకని తెచ్చుకున్న ఆవకాయ సగానికి వచ్చింది.

అలక ఘట్టం లోబుచేలో, మరో దీదీ ఇంట్లో. దాదాపు 4,900 మీటర్ల ఎత్తు. బకెట్లో నీళ్ల మీద మంచు పెచ్చు కట్టింది. స్నానం లేదన్నారు. ఫోన్ చార్జింగ్‌కు గంట లెక్కన డబ్బులన్నారు. ఇంటర్నెట్ కార్డు కొన్నా ఫొటో ఒక్కటి వెళ్లలేదు. అల్లుడుగారు గదిలోకి వెళ్లి, ముసుగుతన్ని పడుకుని, భోజనం వద్దని గైడుతో కబురు పంపారు. మన అత్తగారైతే ఈపాటికి అలకపాన్పు దగ్గరికి స్కూటరు తాళాలు పంపేది. ఈ దీదీ గరిటె పక్కనపెట్టి తనే వచ్చింది. తల నొప్పిగా ఉందా అంది. ఉంది. కడుపులో తిప్పుతోందా? తిప్పుతోంది. నిన్న రాత్రి నిద్ర పట్టిందా? లేదు. ఆవిడ ఏటా రెండు సీజన్లు ఇలాంటి అలకలు చూస్తూనే ఉంది. సగం అలకలకు మూలం ఎత్తు. కింద ఫెరిచే ఊళ్లో 1973 నుంచీ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్య కేంద్రం ఉంది. సీజన్లో రోజూ మధ్యాహ్నం అక్కడి డాక్టర్లు ఇదే విషయం మీద మాట్లాడతారు. అవన్నీ ఫోన్లో ఉన్నాయని మనవారు అక్కడికి వెళ్లలేదు.

దీదీ గైడును పిలిచి, రేపు పైకి వద్దు, ముందు కిందికి దింపమంది. కాసేపటికి కోడలి చేత వెల్లుల్లి సూపు పంపింది. ఎత్తుకు అదే విరుగుడని అక్కడివాళ్ల నమ్మకం. వైద్యులు ఆ మాట అనరు గానీ, సూపు వేడిగా ఉంది, గిన్నె చేతుల్లో పట్టుకుంటే వేళ్లకు ప్రాణం వచ్చింది. అల్లుడుగారు మొత్తం తాగారు.

పొద్దున్నే బిల్లు వచ్చింది. గది, టీలు, వేడినీళ్ల ఫ్లాస్కు, చార్జింగ్, ఇంటర్నెట్ కార్డు. ఆయన ఒక్కో పంక్తినీ 1.6తో మూడుసార్లు భాగించి చూసుకున్నారు గానీ, రాత్రి తాగిన వెల్లుల్లి సూపు అందులో పడలేదన్న మాట మాత్రం ఎత్తలేదు.