ముందు ప్లాటు... తర్వాతే ప్లాను!

ఖమ్మంలో కొత్తగూడెం బస్సెక్కండి. కిటికీ పక్క సీటు పట్టండి. జూలూరుపాడు దగ్గరపడుతుంటే పత్తిచేలు కనిపిస్తాయి. చేల మధ్య తెల్లరంగు పూసిన హద్దురాళ్లు కనిపిస్తాయి. ఎర్రమట్టి రోడ్డు ఒకటి. కొబ్బరి మొక్కలు రెండు. ఒక కమాను. కమాను మీద ఏదో ఒక దేవుడి పేరు. లోపల ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. మేకలుంటాయి. దాన్ని వెంచర్ అంటారు. మన దగ్గర అమల్లో ఉన్న ఏకైక నగర ప్రణాళిక అదే!

పుస్తకాల్లో ఇంకోలా రాసి ఉంటుంది. పాపం, ఆ పుస్తకాలు చదివే పిల్లలు ప్లానింగ్ డిగ్రీలు తెచ్చుకుంటారు. ముందు జనాన్ని లెక్కపెట్టాలట. ఇరవై ఏళ్లకు ఎన్ని కుటుంబాలు పెరుగుతాయో అంచనా వెయ్యాలట. నీళ్లెక్కడ, మురుగెటు, బడెక్కడ, శ్మశానమెక్కడ అని చూసుకుని ఆ తర్వాత గీత గియ్యాలట. మన పద్ధతి వేరు. ముందు బ్రోకరు వస్తాడు. తర్వాత రిజిస్ట్రేషన్ అవుతుంది. తర్వాత ఇల్లు లేస్తుంది. తర్వాత వానొస్తుంది. నీళ్లు ఇంట్లోకొస్తాయి. ఎమ్మెల్యే మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి ఫొటో దిగుతాడు. ప్లాను? అది చిట్టచివర వస్తుంది. ఊరికే కూడా రాదు. ఫీజు కట్టించుకుని వస్తుంది.

ఆ ఫీజు పేరు ఎల్ఆర్ఎస్. అక్రమ లేఅవుట్లను సక్రమం చేసే మహాయజ్ఞం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జీవో 902 ఇచ్చారు. తెలంగాణ వచ్చాక 2015లో మళ్లీ ఇచ్చారు. 2020 ఆగస్టు 31న జీవో 131 ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ ‘ఇదే ఆఖరి అవకాశం’ అనే పాట. ఇన్ని ఆఖరి అవకాశాలు సినిమా హీరోలకైనా దొరుకుతాయా? 2020లో పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. తలకు వెయ్యి రూపాయలు. అంటే దరఖాస్తు ఫీజుకే రెండొందల యాభై కోట్లు! ఒక్క ఫైలు కదలకముందే.

ఒక్క మాట అడగండి. ఈ పాతిక లక్షల ప్లాట్లు రాత్రికి రాత్రి పుట్టగొడుగుల్లా లేచాయా? ఒక్కొక్కటీ సర్కారు వారి రిజిస్ట్రార్ ఆఫీసులో, సర్కారు వారి స్టాంపు కాగితం మీద, సర్కారు వారి ముద్రతోనే కదా అమ్ముడుపోయింది? అమ్మినప్పుడు డ్యూటీ తీసుకున్నది ఎవరు? కొన్నవాడు అక్రమమైతే ముద్ర కొట్టినవాడేంటి, మహాత్ముడా? లేఅవుట్ వేసినవాడు అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. జరిమానా మాత్రం చీటీపాట ఎత్తి వంద గజాలు కొన్న మనిషికి.

పైగా నాటకం చూడండి. నాడు వసూలుకు దిగింది టీఆర్ఎస్. ఉచితంగా చెయ్యాల్సిందేనని గొంతు చించుకుంది కాంగ్రెస్. కుర్చీలు మారాయి. 2025లో కాంగ్రెస్ సర్కారు 25 శాతం రాయితీ ప్రకటించి, మార్చి 31 గడువు పెట్టి, ఆషాఢం సేలు లాగా గడువు పొడిగించుకుంటూ పోయింది. ఉచితం చెయ్యాల్సిందేనని రోడ్డెక్కింది ఎవరు? నాడు వసూలుకు దిగినవాళ్లే! స్క్రిప్టు ఒక్కటే. వేషాలు మార్చుకున్నారంతే. టికెట్టు డబ్బులు మనవి.

సరే, ప్లాను వేద్దామనే అనుకుందాం. ఎంతమందికి వేస్తారు? దేశంలో చివరిసారి జనాన్ని లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సింది కరోనా పేరుతో ఆగింది. కరోనా పోయింది. లెక్క రాలేదు. 2011లో ఐదో తరగతి చదివిన పిల్ల ఇప్పుడు పెళ్లయి, పిల్లల్ని కని, అద్దింట్లో ఉంటోంది. సర్కారు వారి జనగణనలో ఆమె ఇంకా పుట్టింట్లోనే పలక పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఇల్లెందుకు?

మా జిల్లా కేంద్రం సంగతి చూడండి. కొత్తగూడెం, పాల్వంచ పురపాలికలను కలిపి 2025లో నగరపాలక సంస్థ చేశారు. రెండు ఊళ్ల మధ్య పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఫర్వాలేదు, కాగితం మీద దూరం లేదు. బోర్డు మారింది. బోర్డుతో పాటు పన్ను మారుతుంది. ఇల్లు మారుతుందా? ఇది బొగ్గు మీద పుట్టిన పట్నం. సింగరేణి భూముల్లో ఇళ్లు కట్టుకుని తరాలు గడిచాక, జీవో 76 పుణ్యమా అని క్రమబద్ధీకరణ పట్టాలిచ్చారు. ఇక్కడా అదే వరస. ముందు మనుషులు, తర్వాత కాగితం. ఇంతమంది కార్మికులు ఎక్కడుంటారని మొదట్లోనే అడిగి ఉంటే ఆ జీవోకి పనేముంది?

ఇక భద్రాచలం. రాముడు దిక్కైన ఊరు. నిజంగా రాముడే దిక్కు!

ఇంత పట్నం కాగితాల్లో ఇప్పటికీ గ్రామ పంచాయతీ. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. పొలిమేర దాటితే ఎటపాక. ఎటపాక అంటే పక్క రాష్ట్రం. ఊరు ఒక రాష్ట్రంలో, ఊరు పెరగాల్సిన నేల ఇంకో రాష్ట్రంలో! చెత్త పొయ్యడానికే జాగా వెతుక్కోవాలి, ఇళ్లకెక్కడిది? ఏం చెయ్యాలో తోచని పెద్దలు 2022 డిసెంబరులో ఆ ఉన్న ఒక్క పంచాయతీనీ మూడు ముక్కలు చేస్తూ జీవో ఇచ్చారు. జాగా లేదని జనం మొత్తుకుంటే, ఉన్న జాగానే ముక్కలు కోసి పంచిన మేధావులు! వీళ్లకు ఏ అవార్డివ్వాలి?

అదే ఏడాది జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద లేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుపెట్టుకోండి. నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా వచ్చారు. క్లౌడ్ బరస్ట్‌ల వెనక విదేశీ కుట్ర ఉందేమోనని అనుమానం వెలిబుచ్చారు. ముంపు జనానికి ఎత్తయిన చోట శాశ్వత కాలనీ కడతామన్నారు. వెయ్యి కోట్లన్నారు. జనం తడిగుడ్డలతోనే చప్పట్లు కొట్టారు. కాలనీ ఏది? వెయ్యి కోట్లేవి? ఎవరైనా చూస్తే చెప్పండి. విదేశీ కుట్ర ఉన్నదో లేదోగానీ, స్వదేశీ హామీ మాత్రం వరద కన్నా ముందే తీసింది.

పక్కకు పెరగలేని ఊరు ఏం చేస్తుంది? పైకి పెరుగుతుంది. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ కుదరదు. కుదరదని చట్టం చెబుతుంది. కుదురుతుందని అంతస్తులు చెబుతాయి. 2025 మార్చి 26న అదే ఊళ్లో కడుతున్న బహుళ అంతస్తుల భవనం పేకమేడలా కూలింది. ఇద్దరు కార్మికులు ప్రాణాలొదిలారు. దానికి అనుమతుల్లేవని అధికారులు ఆ తర్వాత సెలవిచ్చారు. అంతస్తు మీద అంతస్తు లేస్తుంటే వీధిలో ఏ అధికారీ తలెత్తి చూడలేదా? మెడనొప్పా?

ఇక ఇళ్ల కథకొద్దాం. 2014 ముందు నుంచీ కేసీఆర్ సభల్లో ఒక ప్రశ్న వేసేవారు. ఒక్క గది డబ్బా ఇంట్లో బిడ్డా అల్లుడూ వస్తే యాడ పండాలె? మేకనెక్కడ కట్టెయ్యాలె? ఎంత చక్కటి ప్రశ్న! 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్రూం ఇళ్లు చూపించారు. బాగున్నాయి, కాదనం. 2016 గ్రేటర్ ఎన్నికల్లో ఒక్క హైదరాబాద్‌కే లక్ష ఇళ్లన్నారు. కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయానికి రిబ్బను కోసేసరికి 2023 జూన్ వచ్చింది. అసెంబ్లీ ఎన్నికలకు సరిగ్గా ఐదు నెలల ముందు! కాకతాళీయమే లెండి. మా అడవి అంచున అల్లుడు ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాడు. నెత్తి నెరిసింది. మేక మాత్రం తెలివైనది. వెంచర్‌లో సెటిలైంది.

ప్రభుత్వం మారింది. 2024 మార్చి 11న రేవంత్ రెడ్డి ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని భద్రాచలంలోనే మొదలుపెట్టారు. ఇంటికి ఐదు లక్షలు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. మొత్తం నాలుగున్నర లక్షలు. ప్రజాపాలన సభల్లో ఇళ్లకోసం వచ్చిన దరఖాస్తులెన్నో తెలుసా? దాదాపు 80 లక్షలు. ఏటా నాలుగున్నర లక్షలు తప్పకుండా కట్టినా, ఈలోపు ఎవరికీ పెళ్లిళ్లు కాకపోయినా, ఏ గుడిసే కాలకపోయినా, ఏ ప్రభుత్వమూ మారకపోయినా, వరస ముగిసేసరికి పదిహేడు పద్దెనిమిదేళ్లు. ఈ లెక్క వెయ్యడానికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. ఐదో తరగతి చాలు.

దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. మిగిలినవాళ్లు ఎల్-3. ముందు ఎవరికి? ఎల్-1కి. అంటే ఏమీ లేనివాడు ఎంతో కొంత ఉన్నవాడి వెనక నిలబడాలి. పేదరికంలోనూ సీనియారిటీ తిరగేసిన ఘనత మనది.

ఎల్-1లో పేరొచ్చినవాడి సంబరం కూడా చూద్దాం. ముగ్గు పోస్తారు. పైసా ఇవ్వరు. బేస్‌మెంట్ లేపితేనే మొదటి లక్ష. గోడలు, స్లాబ్, పూర్తి... విడతకో ఫొటో, ఫొటోకో బిల్లు. గుడిసె పీకేసి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి బేస్‌మెంట్ లేపాలి. పంచాయతీ కార్యదర్శి ఫోన్ పట్టుకుని వస్తారు. యాప్ తెరుస్తారు. ఇంటామె పునాది ముందు నిలబడాలి. ఆమె కొంగు సర్దుకుని నిలబడుతుంది. సిగ్నల్ ఉండదు. ‘అమ్మా, జర ఇటు జరుగు.’ ఆమె జరుగుతుంది. ఫొటో వస్తుంది, అప్‌లోడ్ కాదు. కార్యదర్శి ఫోన్ ఎత్తి పట్టుకుని చింతచెట్టు దాకా నడుస్తారు. ఇల్లు మాత్రం నడిచి రాదు కదా! 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మేస్త్రీ చెయ్యి జారి గోడ రెండడుగులు అవతలికి పోయిందా, బిల్లు ఆగిపోయినట్టే. వేల గజాల చెరువులు మింగిన భవంతుల కొలతల్లో ఈ నిష్ఠ ఎన్నేళ్లు నిద్రపోయింది?

జూలూరుపాడుకు పక్క మండలం చండ్రుగొండ. అక్కడి బెండాలపాడుకు 2025 సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి వచ్చారు. ఇందిరమ్మ ఇళ్లకు గృహప్రవేశం చేయించారు. మంచిదే. ఇల్లు దక్కిన తల్లి ముఖంలో వెలుగును వెక్కిరించేంత కుసంస్కారం మాకు లేదు. కానీ అదే బెండాలపాడు గురించి ఇంకో కాగితం ఉంది. 2022 నవంబరు 22న ఆ అడవిలో ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఫారెస్ట్ రేంజ్ అధికారి శ్రీనివాసరావును చంపేశారు. ఘోరం. నేరం చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ వెంటనే, నిందితులు గుత్తికోయలని, ఆ తెగవాళ్లందరినీ ఊరు విడిపించి ఛత్తీస్‌గఢ్‌కు పంపెయ్యాలని గ్రామసభ తీర్మానం చేసింది. అందరినీ! పాలు తాగే పిల్లలతో సహా. తుపాకుల మోతకు భయపడి దండకారణ్యం దాటి వచ్చిన ఆ జనానికి ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు. పట్టా లేదు. వాళ్ల గుడిసెలు ఏ జాబితాలో ఉన్నాయి? ఎల్-1లోనా, ఎల్-2లోనా? లేక ఫారెస్టు వాళ్ల పీకివేత జాబితాలోనా?

రాజధానికి మాత్రం భవిష్యత్తు మీద బెంగ ఎక్కువ. ముచ్చర్ల వైపు 30 వేల ఎకరాల్లో ఫ్యూచర్ సిటీ. 56 గ్రామాలతో దానికో ప్రత్యేక అథారిటీ. అక్కడ ఇంకా పుట్టని కంపెనీకి రోడ్డుంది. ఎప్పుడో వచ్చే ఉద్యోగికి ఇంటి జాగా ఉంది. ఇప్పుడే ఉన్న మనిషికే లేదు. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున కూల్చబోయే ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. కరెంటు బిల్లు తీసుకున్న ఇల్లు, ఇంటి పన్ను కట్టిన ఇల్లు. రాత్రికి రాత్రి అక్షరాలు మొలిచాయి. వాళ్లకేమిస్తామన్నారు? డబుల్ బెడ్రూం ఇళ్లు! అంటే ఇల్లు లేనివాడికోసం కట్టింది, ఇల్లున్నవాడి ఇల్లు కూల్చి వాడికిస్తారు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాడు ఇంకో ఏడు చూడాలి. ఇళ్ల సంఖ్య పెరగదు, ఇల్లు లేనివాళ్ల సంఖ్య తగ్గదు. ప్రారంభోత్సవం మాత్రం రెండుసార్లు!

ఇప్పుడు కొత్త వార్త. ఇళ్ల లెక్క 2026లో, తలల లెక్క 2027లో అని కేంద్రం ప్రకటించింది. గోడ దేనిది, పైకప్పు దేనిది, గదులెన్ని అని అడుగుతారు. రేపటి ప్లాన్లన్నీ ఆ జవాబుల మీదే వేస్తామని చెబుతారు. కనుక ఒక్క మనవి. లెక్క రాసేవాళ్లు మీ గడపకొచ్చినప్పుడు మొహమాటపడకండి. జాబితాలో పేరుందని పక్కా ఇల్లు రాయించుకోకండి. మంజూరు కాగితాన్ని పైకప్పు కింద లెక్క చెప్పకండి. రేకులైతే రేకులు, తాటాకైతే తాటాకు, పరదా అయితే పరదా. ఉన్నది ఉన్నట్టు రాయించండి. రాశాక ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమనండి.