కెమెరా కంటి దిష్టి

ఎఱ్ఱదీపము వెలుగుచుండగా ఆగియున్న మనిషిని చూచి వెనుకవారికి అంత కోపమెందుకు రావలెనో నాకు బొత్తిగా బోధపడుటలేదు. మా పేట కూడలిలో స్కూటరు నిలిపితినో లేదో హారనులు మొదలగును; ఆ సందడిలోనే ఒక యువకుడు ముందుకు వంగి, పరమాదరముతో, “అంకుల్, ఈడ కెమెరా పన్జేస్తలేదు, పోనియ్యుండ్రి!” అని హితము చెప్పును. కెమెరా పనిచేయనిచోట ఆగుట ఆయన దృష్టిలో వార్ధక్యలక్షణము. నగరమున ఏ స్తంభము మీది కన్ను తెఱచియున్నది, ఏది వానకు తడిసి మూతపడినది, ఏ వంతెన క్రింద కానిస్టేబులు చేతికెమెరాతో పొంచియుండును అనెడి భూగోళము ఆ వయసువారికి కరతలామలకము.

కెమెరా పనిచేయుచోట్లకు వేఱొక విద్య కలదు. దానిని గూర్చి కొంత విస్తరింపక తప్పదు. కోవిడు కాలమున ముక్కు మూసుకొనుటకు కొన్న మాస్కు ముక్కునకు అమరకపోయినను నంబరు ప్లేటుకు చక్కగా అమరినది; మనుష్యులు మాస్కులు విప్పి ఏండ్లు గడచినను బండ్లు కొన్ని నేటికిని ధరించియే తిరుగుచున్నవి. కొందఱు ప్లేటును పైకి వంచి, తమ నంబరును ఆకాశవాసులకు మాత్రమే చదువనిత్తురు. కొందఱికి వెనుక కూర్చున్న స్నేహితుడే సహాయము; కూడలి సమీపింపగనే అతడు చేయి వెనుకకు చాచి అఱచేతితో అంకెలను కప్పును. ఆయుధపూజనాడు కట్టిన బంతిపూలదండ ఎండి, రాలి, వట్టి దారమైనను సంక్రాంతి దాక విప్పనివారున్నారు; ఆ దారము 8కి అడ్డుపడి దానిని 3గా చూపునని వారి విశ్వాసము. నిజముగా 3 నంబరుగల నిర్భాగ్యుడెవడో తానెన్నడును త్రొక్కని కూడలికి చలానా కట్టుకొనుచుండవలెను. మా వీధి పెద్దమనిషి ఒకాయన సరిగా అంకెల మీదికి వ్రేలాడునట్లు నిమ్మకాయను, మిరపకాయలను గ్రుచ్చి కట్టినాడు. “ఎవరి దిష్టి సార్?” అని అడిగితిని. “ఇంకెవరిది, కెమెరాదే!” అనెను. ఇంతటి ప్రతిభ ప్లేటు వెనుకనే వ్యయమగుచున్నది గదా అని నాకు నిజముగానే దిగులు కలిగినది.

ఒకవేళ చలానా వచ్చినను జంకువారు తక్కువ. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ద్విచక్రవాహనముల బకాయి చలానాలపై నూటికి 75 వంతులు తగ్గించినది. 2023 డిసెంబరు చివర మఱల ప్రకటించి, ఈ మాఱు 80 వంతులు వదలుకొన్నది. ఆషాఢమాసపు చీరెల దుకాణమునకు సైతము ఇంత ఔదార్యము లేదు. వెంటనే కట్టినవాడు అమాయకుడుగను, కట్టక దాచినవాడు ఆర్థికవేత్తగను తేలిరి.

కెమెరాలపై వచ్చెడి ఆక్షేపణలన్నియు అక్రమములని నేననను. 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహనముల నియమము 167ఏ, కెమెరా ఉన్నదని ముందే బోర్డు పెట్టవలెననియు, అపరాధము జరిగిన 15 దినములలో తాఖీదు పంపవలెననియు చెప్పుచున్నది. మా కూడలిలో బోర్డు కానరాదు. పసుపుదీపము రెప్పపాటులో ఆరును. ఆగవలసిన గీత క్రొత్తగా వేసిన తారు క్రింద నిద్రించుచున్నది. అమెరికా సమాఖ్య రహదారుల సంస్థవారు 2005లో ప్రకటించిన అధ్యయనములో, కెమెరాలున్న కూడళ్లలో ప్రక్కనుండి గుద్దుకొనుట సుమారు నాలుగవ వంతు తగ్గినదనియు, వెనుకనుండి గుద్దుకొనుట నూటికి 15 వంతులు పెరిగినదనియు తేలినది. వెనుక హారను మ్రోగినప్పుడెల్ల ఆ రెండవ లెక్కయే నాకు జ్ఞప్తికి వచ్చును.

2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలువదినలుగురికి పైగా ద్విచక్రవాహనములపై పోవుచుండినవారే. నాకు హితము చెప్పిన యువకుడు నన్ను దాటి దూసుకొనిపోవునపుడు, అతని వీపుసంచిలోని టిఫిను డబ్బా గలగలమని చప్పుడగును. తెల్లవాఱకముందే లేచి దానిని కట్టియిచ్చిన తల్లి ఇంట నుండును. వేయి రూపాయల చలానాకు వెఱచువాడు, అడ్డముగా వచ్చు నీళ్ల ట్యాంకరుకు వెఱవకపోవుట నాకు హాస్యముగా తోచదు.

కావున నా మతము కెమెరా ఉండవలెననియే. బోర్డు పెట్టి, పసుపుదీపమునకు తగిన వ్యవధి ఇచ్చి, తాఖీదు గడువులోపల పంపి, అటుపిమ్మట ఒక్క రూపాయియు తగ్గింపక వసూలు చేయవలెను. రాబోవు తగ్గింపు కొఱకు చలానాలు దాచుకొన్న పాఠకులు నన్ను క్షమింతురుగాక.