ఎండో గారి కొలెస్ట్రాల్

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లూ, పక్షవాతం నుంచి తేరుకున్నవాళ్లూ, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే కాలి రక్తనాళాల జబ్బువాళ్లూ రోజూ వేసుకునే మాత్ర ఒకటుంటుంది. అటోర్వాస్టాటినో, రోసువాస్టాటినో. ఆ స్టాటిన్ మందులన్నిటికీ ఆద్యుడు జపాన్‌లోని అకితా ప్రాంతపు రైతుబిడ్డ, అకిరా ఎండో. ఆ మాత్ర మింగే మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? తెలియాలి.

ఎండో గారు టోక్యోలో శాంక్యో అనే మందుల కంపెనీలో పనిచేసేవారు. కాలేయం కొలెస్ట్రాల్‌ను తయారుచేయాలంటే ఒక ఎంజైము కావాలి. దాన్ని అడ్డుకునే పదార్థం ఏదో ఒక బూజులో ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. 1971లో వెతకడం మొదలుపెట్టి, ఆరువేలకు పైగా సూక్ష్మజీవులను పరీక్షించారు. చివరికి 1973లో దొరికింది. క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యానికి పట్టిన బూజులో!

తీరా ఎలుకలకు పెడితే కొలెస్ట్రాల్ తగ్గనే లేదు. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఎండో వదల్లేదు. కితానో అనే సహోద్యోగి దగ్గర గుడ్లు పెట్టే కోళ్లున్నాయి. గుడ్డు సొనలోనే అంత కొలెస్ట్రాల్ ఉంటే కోడి ఒంట్లో ఎంత తయారవుతూ ఉండాలి? వాటికి పెట్టి చూడమని అడిగారు. కోళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది. ఎలుకల రక్తంలో చెడు కొలెస్ట్రాల్ మొదటి నుంచీ తక్కువే, ఇక తగ్గడానికేముంది? ఈ కథ మొత్తంలో నేను చేతులెత్తి మొక్కేది ఆ కోళ్ల ఆలోచనకే.

1978లో ఒసాకాలో, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగిన ఒక యువతికి ఆ మందు ఇచ్చారు. తగ్గింది. ఆ ఏడాది చివర ఎండో కంపెనీ వదిలి విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. 1980లో, భారీ మోతాదులు ఇచ్చిన కుక్కల్లో క్యాన్సర్ లక్షణాలు కనిపించాయన్న అనుమానంతో శాంక్యో ప్రయోగాలు ఆపేసింది. అది క్యాన్సర్ కాదనే ఎండో అభిప్రాయం. అదే దారిలో నడిచిన అమెరికా కంపెనీ మెర్క్, 1987లో మొదటి స్టాటిన్‌ను బజారులోకి తెచ్చింది.

స్టాటిన్లు నిజంగా ప్రాణాలు కాపాడతాయా అన్న సందేహాలు 1994లో తీరాయి. ఉత్తర ఐరోపా దేశాల్లో 4,444 మంది గుండెజబ్బు రోగుల మీద జరిగిన పరిశీలనలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది చనిపోతే, స్టాటిన్ వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. రెండు జట్లూ ఇంచుమించు సమానమే. ఆ తేడా అంతా మనుషుల ప్రాణాలు. స్టాటిన్లు కోట్లాది డాలర్ల వ్యాపారమయ్యాయి. అందులో ఎండోకు ఒక్క పైసా రాలేదు.

వయసు మీదపడ్డాక ఎండో గారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకున్నారు. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. రిపోర్టు చూసిన డాక్టరు ధైర్యం చెప్పాడు. కంగారుపడాల్సిన పనిలేదని, కొలెస్ట్రాల్ తగ్గించే మంచి మందులు తనకు తెలుసునని.

ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆ డాక్టరుకు తెలియదు.